పూడ్చిన బావి, గిలక ఉన్న దెయ్యం సీరియల్: పేరు తెలుసా?

1980ల చివర్లో చదివిన నవల. వారపత్రికలోంచి చింపి కుట్టించిన అద్దె షాపు బైండు: పేజీకి రెండు కాలమ్‌లు, ప్రతి భాగం చివర 'ఇంకా ఉంది'. మొదటి పేజీలు లేవు, కాబట్టి పేరూ రచయితా తెలియదు.

గోదావరి లంకలో పాత మండువా లోగిలి. టీచరుగా వచ్చిన అమ్మాయి అందులో ఒక వాటాలో అద్దెకు దిగుతుంది. పెరట్లో బావిని ఇసకతో పూడ్చేశారు గానీ గిలక తియ్యలేదు. రాత్రి అది కిర్రుమంటుంది. తెల్లారి చూస్తే చేంతాడు తడిసి ఉంటుంది. ఇంటి ముసలామె రోజూ ఒక విస్తరి ఎక్కువ వేస్తుంది, ఎవరికో చెప్పదు. దెయ్యం ఎక్కడా ఎదురుపడదు, భయమంతా ఆ చప్పుడే.

యండమూరి నవలలు తులసిదళం, కాష్మోరా కావు. ఇందులో చేతబడి ఊసే లేదు. హైదరాబాద్‌లో ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్, కోఠి పాత పుస్తకాల షాపులు, అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ వెతకడం అయిపోయింది. పేరో రచయితో తెలియనిదే కేటలాగు ఎందుకూ పనికిరాదు. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో తెలుగు స్కాన్ల పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు; 'బావి', 'గిలక' స్పెల్లింగు మార్చి మార్చి కొట్టినా దొరకలేదు. పుస్తకంగా వచ్చినప్పుడు పేరు మార్చి ఉండొచ్చు కూడా.

ఈ సీరియల్ ఏ పత్రికలో, ఏ పేరుతో వచ్చిందో ఎవరికైనా గుర్తుందా?