రిపేరు చేయించిన నెలలోపే బండి మళ్ళీ ఆగిపోతే ఖర్చు ఎవరిది?

శ్రీకాకుళం వాసి:
విజయనగరంలో ఒక గ్యారేజీలో కారుకి వాటర్ పంపు మార్పించాను, బిల్లు ఉంది. నెల తిరక్కుండానే ఇంటికి వస్తుంటే రణస్థలం దాటాక టెంపరేచర్ ముల్లు ఎర్రగీతకి చేరింది. వెంటనే ఇంజన్ ఆపేసి బానెట్ ఎత్తి చూస్తే, పంపు దగ్గర హోస్ పైపు క్లిప్పు వదులైపోయి కూలెంట్ అంతా కారిపోయి ఉంది. బండి లాగించుకొచ్చి ఇక్కడి మెకానిక్‌కి చూపిస్తే ఆయిల్ మూత తీశాడు, లోపల పాలు కలిపిన టీ రంగులో జిడ్డు. హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్‌కీ, దాని పైన ఉండే హెడ్ భాగానికీ మధ్య సీలు) పోయిందన్నాడు. గ్యారేజీకి ఫోన్ చేస్తే "మేం మార్చింది పంపు, పోయింది గ్యాస్కెట్, మాకేం సంబంధం" అంటున్నారు. ఇదెక్కడి న్యాయం అండీ?

బొబ్బిలి మెకానిక్:
సార్, మా వైపు కూడా కొంచెం వినండి. ముల్లు ఎర్రగీత దాటాక కూడా "ఇంకో పది కిలోమీటర్లేగా" అని తోలేసి, తర్వాత మా మీద పడేవాళ్ళని రోజూ చూస్తున్నాం. కొందరు బయట చవగ్గా దొరికిన పార్టు వాళ్ళే తెచ్చి బిగించమంటారు, అది పోతే తిట్లు మాకు. పాత ఇంజన్‌లో ఒకటి బాగుచేస్తే రెండోది బయటపడటం మామూలే. పంపు మార్చినవాడు ఇంజన్ మొత్తానికి ఎలా పూచీ పడతాడు?

చీపురుపల్లి టాక్సీ:
ఎవరి తప్పయినా ఒకటే, మనం గట్టిగా అడిగితే మళ్ళీ బండి ముట్టుకోరు. కోర్టుల చుట్టూ తిరిగే టైం ఎవరికుంది. పైగా మాలాంటి కిరాయి బండ్లవాళ్ళకి వినియోగదారుల చట్టం వర్తించదంటగా?

నెల్లిమర్ల:
టాక్సీ అన్నా, బతుకుతెరువు కోసం సొంతంగా బండి నడుపుకునేవాళ్ళు కూడా 2019 చట్టం ప్రకారం వినియోగదారులే, ఆ భయం వద్దు.

మెకానిక్ గారూ, మీరన్నదాంట్లో నిజం ఉంది, పూచీ ఇంజన్ మొత్తానికి ఉండదు. కానీ చూడాల్సింది ఏ పార్టు పోయింది అని కాదు కదా, ఎందుకు పోయింది అని. పంపు మార్చాలంటే ఆ పైపు ఊడదీసి మళ్ళీ బిగించాల్సిందే. ఆ క్లిప్పు సరిగ్గా బిగించకపోతే కూలెంట్ కారుతుంది, కూలెంట్ లేకపోతే ఇంజన్ వేడెక్కుతుంది, ఆ వేడికి గ్యాస్కెట్ పోతుంది. మొదలు పెట్టింది వాళ్ళ పనే అయినప్పుడు చివర పోయినదానికి సంబంధం లేదనడం అన్యాయం, చట్టంలో దీన్నే సేవాలోపం అంటారు. ఈయన ముల్లు చూడగానే ఆపేశాడు కూడా.

అయితే లోపం నిరూపించాల్సింది మనమే, చాలామంది ఓడిపోయేది ఇక్కడే. కోపంలో ఇంకో షెడ్డుకి తీసుకెళ్ళి ఇంజన్ విప్పించేస్తారు, ఆ తర్వాత మొదటివాడు "విప్పినవాడే పాడుచేశాడు" అంటే మన దగ్గర జవాబుండదు. కాబట్టి సార్, ఇంజన్ విప్పించకండి. క్లిప్పు ఉన్నదున్నట్టుగా ఫొటోలు, వీడియో తీయండి. గ్యారేజీకి వాట్సాప్‌లోనో రిజిస్టర్ పోస్టులోనో రాయండి, మీరే వచ్చి చూసి బాగుచేయండి, లేదంటే నేను వేరేచోట చేయించి ఖర్చు మీ దగ్గర వసూలు చేస్తానని, దానికో గడువు పెట్టండి. ఫోన్‌లో అరుచుకున్నదానికి సాక్ష్యం ఉండదు.

అప్పటికీ కదలకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు. గ్యారేజీ విజయనగరంలో ఉన్నా మీరుండేది శ్రీకాకుళం కాబట్టి అక్కడే వేయొచ్చు, 2019 చట్టంతో వచ్చిన మంచి మార్పు ఇదే. గ్యారేజీకి కట్టింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. కేసు వేయడానికి గడువు రెండేళ్ళు. తేలడానికి టైం పడుతుంది, ఆ మాట ఒప్పుకుంటాను, కానీ నోటీసు చేతికి అందగానే రాజీకి వచ్చేవాళ్ళూ ఉంటారు.

బొబ్బిలి మెకానిక్:
క్లిప్పు సంగతి మీరన్నట్టే అయితే ఆ గ్యారేజీదే తప్పు, నా షెడ్డులో జరిగితే నేనే చేసిస్తాను. కానీ గ్యాస్కెట్‌తో పాటు హెడ్ వంగిందో లేదో కూడా లేత్ షాపులో కొలిపించాలి, ఆ లేత్ ఖర్చు కూడా లెక్కలో రాసి అడగండి.

శ్రీకాకుళం వాసి:
లేత్ ఖర్చు సంగతి నాకు తట్టలేదు, థాంక్సండీ. ఇక్కడి మెకానిక్‌కి ఫోన్ చేసి బండి ముట్టుకోవద్దన్నాను. గ్యారేజీకి ఈ రాత్రికే రాస్తాను, వాళ్ళేమన్నారో ఇక్కడే చెబుతాను.