అనపకాయ ఇత్తులు ఫ్రీజర్ల పెడితే గడ్డి వాసనొస్తున్నయ్, ఏం చేయాలె?

పరకాల కోడలు:
అందరికి నమస్తే. సంక్రాంతప్పుడు మా అత్తమ్మ చేనుకాడి అనపకాయలు పంపింది, ఒలిచి ఇత్తులు క్యారీబ్యాగుల కట్టి ఫ్రీజర్ల పెట్టిన, నిన్న తీస్తే అంతా ఒక్క గడ్డ, పైన మంచు, ఉడికినంక గడ్డి వాసన, తోలు గూడ గట్టిగ. మా పెద్దోడు హాస్టల్ల ఉంటడు, వానికి ఈ కూరంటే పాణం, ఎండకాలం సెలవులకు వస్తడని దాస్తున్న. ఇప్పుడు చింతచిగురు గూడ వస్తుంది, అదన్న మంచిగుండాలంటే ఎట్ల ప్యాక్ చేయాలె? జర చెప్పుండ్రి.

హన్మకొండ అక్క:
చెల్లె, పచ్చియి పెడితే గట్లనే అయితది. చలికి ఇత్తులల్ల ఉండే ఎంజైములు నెమ్మదిస్తయ్ గని ఆగవు, మైనస్ 18 డిగ్రీలల్ల గూడ మెల్లమెల్లగ రుచిని, రంగును పాడుచేస్తనే ఉంటయ్. అందుకే గంజుల నీళ్ళు మసిలినంక ఇత్తులేసి, మళ్ళ మసిలినకాడి నుంచి 2 నిమిషాలు ఉంచు, గంతే, ఎక్కువైతే మెత్తగైతయ్. ఎంటనే జాలిగంటెతోని తీసి ఐసు నీళ్ళల్ల ఎయ్యి, పూర్తిగ సల్లారాలె. తర్వాత బట్ట మీద తడి పోయేదాక ఆరబెట్టు, తడి ఉంటేనే గడ్డకడతది. ప్లేట్ల పల్చగ పరిచి ఫ్రీజర్ల పెట్టి, గట్టిపడ్డంక జిప్‌లాక్ కవర్లల్ల ఒక్క పూటకు సరిపోయేటన్ని ఏసి గాలంత ఒత్తి తీసెయ్. క్యారీబ్యాగుల వద్దు, లోపల గాలి ఉంటే ఇత్తుల తేమ గుంజుకపోతది, నువ్వు చూసిన మంచు అదే. తేదీ రాసుడు మర్వకు.

జనగామ:
చింతచిగురుకైతే ఉడుకునీళ్ళు అసలే వద్దక్కా, పులుపంత ఆ నీళ్ళల్లనే పోతది. పుల్లలు ఏరి, కడిగి, నీడకు ఆరబెట్టి, చేతులతోని నలిపి, జరంత నూనెల పచ్చివాసన పోయేదాక ఏంచుండ్రి. సల్లారినంక చిన్నచిన్న పొట్లాలు కట్టుకుంటే పప్పులకైనా మటన్లకైనా డైరెక్టుగ ఏసుకోవచ్చు.

హన్మకొండ అక్క:
అవును, ఏంచుడుతోని గూడ ఎంజైములు ఆగిపోతయ్. చిగురుకు అదే మంచిది.

కాజీపేట:
మీది సింగిల్ డోరా, డబుల్ డోరా? సింగిల్ డోర్ ఫ్రిజ్‌ల పైన ఉండే చిన్న పెట్టెల శానా వాటిల్ల మైనస్ 18 దాక పోదు, అండ్ల నెలలకు నెలలు దాచుడు వద్దు. ఇంకోటి, ఈదురుగాలులకు కరెంట్ పోతే ఫ్రీజర్ తలుపు అస్సలు తెర్వకుండ్రి, నిండుగ ఉంటే రెండు రోజులు, సగం ఉంటే ఒక్కరోజు దాక చలి ఆగుతది. ఊరికి పోయేటప్పుడు గిలాసల నీళ్ళు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ళ పెట్టిపోండ్రి, వచ్చేసరికి బిళ్ళ లోపలికి దిగిందంటే నడుమల కరిగి మళ్ళ గడ్డకట్టినట్టే, మటన్, చికెన్ గిట్ల ఉంటే వాసన మంచిగనే ఉన్నా పారేయాలె.

పరకాల కోడలు:
డబుల్ డోరే అన్నా. మరి ఆ పాత ఇత్తులు పారేయాల్నా? వండేముందు బయటపెట్టి కరిగియ్యాల్నా?

హన్మకొండ అక్క:
పారేయకు, కరెంట్ పోకుంట ఫ్రీజర్లనే ఉన్నయంటే తింటే ఏం కాదు, రుచే తగ్గింది. కూర కాకుంట సర్వప్ప పిండిల కలుపు, నువ్వులు, ఎల్లిపాయ పడితే ఆ వాసన తెల్వది. కూరకైతే కరిగియ్యకుంట గడ్డమీదనే మసిలే పులుసుల ఎయ్యి. మటన్ మాత్రం ముందురోజు రాత్రే కింద ఫ్రిజ్‌ల పెట్టి కరిగియ్యి, గట్టు మీద పెట్టకు.