ఎల్ నినో వస్తే ఉత్తర ధ్రువం మీద గాలి వేడెక్కుతుందా? నమ్మేదేనా?

నల్లపాడు మాష్టారు:
మొన్న టీవీ చర్చలో ఒకాయన తేల్చి పారేశాడు. పసిఫిక్‌లో ఎల్ నినో వస్తే ఉత్తర ధ్రువం మీద 30 కిలోమీటర్ల ఎత్తున గాలి వేడెక్కుతుందట, దాంతో అమెరికా, యూరప్ గడ్డకడతాయట. రిటైరయ్యేదాకా ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. భూమధ్యరేఖ దగ్గర నీళ్లు రెండు డిగ్రీలు వేడెక్కితే, ఆ వేడి మధ్యలో గాలినంతా వదిలేసి ధ్రువం నెత్తి మీదికి ఎలా ఎగురుతుంది? పైగా జనవరిలో అక్కడ సూర్యుడే ఉండడు. తెలిసినవాళ్లు చెప్పండి. లింకులు పడేసి పోవద్దు.

గాలిబుడగ:
మాష్టారూ, నా పీహెచ్‌డీ ఈ పై వాతావరణం మీదేనండి, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తా. అంత దూరం వెళ్లేది వేడి కాదు, అలలు.

మామూలుగా ఇండోనేషియా మీద లేచే కుండపోత మేఘాలు ఎల్ నినోలో పసిఫిక్ మధ్యకి జరుగుతాయి. ఆవిరి నీరయ్యేటప్పుడు వదిలే వేడి అక్కడి పైగాలిని కుదుపుతుంది. ఆ కుదుపు వేల కిలోమీటర్ల పొడవున్న అలగా వంపు తిరిగి ఉత్తర పసిఫిక్ చేరుతుంది. అల్యూషియన్ దీవుల దగ్గర చలికాలమంతా ఉండే అల్పపీడనం దాంతో ఇంకా లోతవుతుంది. హిమాలయాలు, రాకీ పర్వతాలు అడ్డు రావడం వల్ల అప్పటికే గాలిలో ఒక పెద్ద అల ఉంటుంది. ఇది దానికి తోడవుతుంది. చలికాలంలో పైన పడమటి గాలులు కాబట్టి అల పైకి పోగలదు. వేసవిలో గాలి తిరగబడుతుంది, దారి మూసుకుపోతుంది. 1961లోనే చార్నీ, డ్రాజిన్ అనే శాస్త్రవేత్తలు ఈ సంగతి తేల్చారు.

పైకి పోయేకొద్దీ గాలి పలచన, అల పెద్దది. చివరికి అక్కడ విరిగి, ధ్రువం చుట్టూ గిర్రున తిరిగే పడమటి గాలికి, అంటే పోలార్ వోర్టెక్స్‌కి, బ్రేకు వేస్తుంది. అది నెమ్మదిస్తే ధ్రువం మీద గాలి కిందికి దిగుతుంది. దిగిన గాలి సైకిల్ పంపులో గాలి లాగే నొక్కుకుని వేడెక్కుతుంది, కిలోమీటరుకి దాదాపు 10 డిగ్రీలు. గట్టిగా జరిగితే కొద్ది రోజుల్లోనే 30, 40 డిగ్రీలు పెరిగిపోతుంది. 1952లో బెర్లిన్‌లో షెర్హాగ్ అనే వాతావరణ శాస్త్రవేత్త బెలూన్లు ఎగరేసి మొదట పట్టుకున్నది దీన్నే. సూర్యుడితో పనే లేదు.

ఎచ్చెర్ల కుర్రోడు:
సైకిల్ పంపు దగ్గర అర్థమైంది. ముందుది రేపు చదువుతా.

నల్లపాడు మాష్టారు:
బాగుందమ్మా. అంటే అక్కడికి చేరింది సముద్రపు వేడి కాదని నువ్వే ఒప్పుకున్నావు. మరి టీవీలో అలా ఎందుకు చెప్పాలి? అది పక్కన పెడదాం. నేనూ కూర్చుని లెక్క చూశాను. 1997-98 ఎల్ నినో ఎంత పెద్దదో అందరికీ తెలుసు. ఆ చలికాలం వోర్టెక్స్ తిరగబడలేదు, అంటే ఆ పడమటి గాలి ఆగి తూర్పు గాలిగా మారలేదు. తిరగబడింది 1998 డిసెంబరులో, మళ్లీ 1999 ఫిబ్రవరిలో. అప్పుడున్నది లా నినా, అంటే ఎల్ నినోకి తిరుగుడు, అవే నీళ్లు చల్లబడే కాలం! పెద్ద మందు వేస్తే తగ్గని జ్వరం మందు ఆపేశాక తగ్గితే, ఆ గొప్పతనం మందుది అంటామా?

గాలిబుడగ:
ఒక్క ఏడాది పట్టుకుని ఊగితే ఎలా మాష్టారూ? 2009-10 ఎల్ నినోలో 2010 ఫిబ్రవరిలో తిరగబడింది. 2023-24లో అయితే రెండుసార్లు, జనవరిలో, మార్చిలో. 1997లో ఎల్ నినో అంత గట్టిగా ఉన్నా మన దేశం మొత్తం మీద రుతుపవనాలు మామూలుగానే కురిశాయి. అంతమాత్రాన ఎల్ నినోకి మన కరువుకి సంబంధం లేదంటారా?

కోనసీమ కొబ్బరి:
2002 జులై గుర్తుందండి. చినుకు లేదు.

నల్లపాడు మాష్టారు:
2015-16?

గాలిబుడగ:
ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. అవును, ఎల్ నినో బ్రహ్మాండంగా ఉన్నా ఆ డిసెంబరు, జనవరిల్లో ఆర్కిటిక్ స్ట్రాటోస్ఫియర్, అంటే మనం మాట్లాడుకుంటున్న ఆ పై గాలి పొర, విపరీతంగా చల్లబడింది. మార్చి మొదట్లో గాని వోర్టెక్స్ కూలలేదు. భూమధ్యరేఖ మీద అదే ఎత్తులో ఇంకో గాలి ఉంది, క్యూబీఓ అంటారు. అది తూర్పు గాలి నుంచి పడమటి గాలిగా, మళ్లీ తూర్పు గాలిగా మారడానికి సుమారు 28 నెలలు పడుతుంది. అది పడమటి గాలిగా ఉంటే ధ్రువపు వోర్టెక్స్ గట్టిగా నిలబడే మొగ్గు ఉంటుంది. ఆ ఏడు అదే ఉంది. ఇది అప్పటికప్పుడు కల్పించిన సాకు కాదు, 1980 నుంచీ తెలిసిన విషయమే.

నల్లపాడు మాష్టారు:
జరిగితే ఎల్ నినో, జరక్కపోతే క్యూబీఓ. మా ఊరి జ్యోతిష్యుడూ ఇంతే. ఫలితం తప్పితే ఏ గ్రహమో అడ్డుపడిందంటాడు.

డాలస్ రావు:
మాష్టారితో ఏకీభవిస్తున్నా. 2021 ఫిబ్రవరి గురించి నన్ను అడగండి. ఈసారి లా నినా, అమెరికా దక్షిణాదిన మామూలు కంటే వెచ్చగా, పొడిగా ఉండొచ్చని ముందే టీవీల్లో ఊదరగొట్టారు. 16వ తేదీన ఇక్కడ మైనస్ 19 డిగ్రీలు. కరెంటు లేదు. అటక మీద పైపు పగిలి, అర్ధరాత్రి పిల్లల గది సీలింగ్ ముద్దగా ఊడి మంచం మీద పడింది. దేవుడి దయ, ఆ రాత్రి అందరం హాల్లో దుప్పట్లు కప్పుకుని పడుకున్నాం. పైపులకి చలి తగలకుండా ముందే చుట్టించాల్సింది కదా అని ఇన్సూరెన్సు కంపెనీ సగం డబ్బు కోసేసింది. వెచ్చటి చలికాలం అని చెప్తే ఎవడు చుట్టిస్తాడండీ?

గాలిబుడగ:
రావు గారూ, చాలా కష్టమేనండి. కానీ ఇక్కడి ప్రశ్న అది కాదు. 2021 జనవరి 5న పైన వోర్టెక్స్ తిరగబడింది, నిజమే. ఆరు వారాల తర్వాత టెక్సాస్‌లో వచ్చిన చలికి అదే కారణమా అన్నది శాస్త్రవేత్తల్లోనే తెగలేదు. సముద్రం నుంచి స్ట్రాటోస్ఫియర్‌కి వెళ్లే దారి ఒకటి, అక్కడి నుంచి మీ అటక మీదికి దిగే దారి ఇంకొకటి.

డాలస్ రావు:
ఇదే ఒళ్లు మండిస్తుంది. మా ఇంటి సంగతి రాగానే అది వేరే ప్రశ్న అయిపోతుంది.

భీమిలి బీచ్:
అందరూ పసిఫిక్ చుట్టూనే తిరుగుతున్నారు. వేడెక్కుతున్నది మన హిందూ మహాసముద్రం కాదా?

గాలిబుడగ:
అసలు ముడి అక్కడే ఉందండి. కంప్యూటర్ మోడళ్లలో పసిఫిక్ ఒక్కదాన్నే వేడి చేస్తే వోర్టెక్స్ బలహీనపడుతుంది. హిందూ మహాసముద్రాన్ని ఒక్కదాన్నే వేడి చేస్తే బలపడుతుంది! అక్కడి నుంచి వెళ్లే అల ఉత్తర పసిఫిక్ చేరేసరికి, అప్పటికే ఉన్న పెద్ద అలకి తోడవకుండా దానికే అడ్డం తగులుతుంది. 2019 చివర్లో ఈ సముద్రం పడమటి వైపు బాగా వేడెక్కి, సుమత్రా వైపు చల్లబడింది. ఆ చలికాలం వోర్టెక్స్ ఎంత బిగుసుకుందంటే, 2020 మార్చిలో ఆర్కిటిక్ మీద ఓజోన్ ఎన్నడూ లేనంతగా తరిగింది. ఈ రెంటికీ సంబంధం చూపిన వాళ్లు ఉన్నారు. అందుకే మొత్తంగా ఉష్ణమండల సముద్రం వేడెక్కితే ఏమవుతుందని అడిగితే ఒక్క జవాబు ఉండదు. ఎక్కడ వేడెక్కిందో చెప్పాలి.

నల్లపాడు మాష్టారు:
చూశారా! ఒక సముద్రం పెంచుతుంది, ఒకటి తగ్గిస్తుంది, క్యూబీఓ మధ్యలో దూరుతుంది. ఇంతా చేసి లా నినాలోనూ వోర్టెక్స్ తిరగబడుతుంది. 2011లో బట్లర్, పోల్వానీ అనే ఇద్దరు వేసిన లెక్క మా అబ్బాయి చూపించాడు. ఎల్ నినో, లా నినా చలికాలాల్లో ఈ ఘటనలు ఇంచుమించు సమానమట. రెండూ లేని ఏళ్లలో అందులో సుమారు సగమట. మరి నువ్వు ఎల్ నినో పక్షాన వాదించేది దేనికమ్మా?

గాలిబుడగ:
నేను ఏ పక్షమూ కాదు! ఉన్నట్టుండి తిరగబడిన రోజుల్ని లెక్కపెట్టడం ఒకటి. చలికాలం మొత్తానికి ధ్రువం మీద సగటు ఉష్ణోగ్రత చూడడం ఇంకొకటి. ఆ సగటులో ఎల్ నినో ఏళ్లు వెచ్చగానే కనిపిస్తాయి. మీరు మొదట అడిగింది గాలి వేడెక్కుతుందా అని. తిరగబడుతుందా అని కాదు. ప్రశ్న మార్చింది మీరు. నేను ఇంత రాస్తుంటే జ్యోతిష్యుడితో పోల్చారు. క్లాసులో మీ స్టూడెంట్ నిలబడి ఇదే మాట మీతో అంటే ఊరుకునేవారా?

అడ్మిన్:
నిదానం. వ్యక్తిగత మాటలు వద్దు.

నల్లపాడు మాష్టారు:
నిన్ను అనలేదమ్మా, కోపం తెచ్చుకోకు. నువ్వు "మొగ్గు", "సగటు" అంటూ జాగ్రత్తగానే రాస్తున్నావు. అదే మాట టీవీలోకి వెళ్లేసరికి "ఎల్ నినో వస్తే అమెరికా గడ్డకడుతుంది" అయి కూర్చుంటుంది. మీరెవరూ వెళ్లి అది తప్పని చెప్పరు. నా గొడవ అది.

డాలస్ రావు:
నాదీ అంతే. నాకు అలలూ వద్దు, ఓజోనూ వద్దు. "వెచ్చగా ఉండొచ్చు" అన్నప్పుడు పక్కనే "తప్పే అవకాశం ఇంత" అని అంత పెద్ద అక్షరాల్లోనే వెయ్యొచ్చుగా?

గాలిబుడగ:
వేస్తారండి, శాతాలతోనే. అసలు ప్రకటనలో ఉంటుంది, వార్తలోకి వచ్చేసరికి పోతుంది. పోనీ, ఆ ప్రకటనని వార్త చేసేది నేనా? తప్పుల్ని సరిదిద్దడం కూడా మా పనే అంటే, స్టైపెండ్ అయిదు నెలల నుంచి పడలేదు, ఆ పనికి ఎవరిస్తారో కనుక్కోండి.

ఎచ్చెర్ల కుర్రోడు:
అయిదు నెలలా? మా అక్కకి ఏడు.

నల్లపాడు మాష్టారు:
అది అన్యాయం. దాని మీద వేరే పోస్టు పెట్టండి, ముందు సంతకం నాదే.

సరే, ఒక్కటి మాత్రం వదలను. గాలి దిగి వేడెక్కిందంటే, ఎక్కడో గాలి పైకి లేచి చల్లబడాలి. లేకపోతే లెక్క కుదరదు. ఎక్కడ?

గాలిబుడగ:
మన నెత్తి మీదేనండి. ధ్రువం మీద వేడెక్కే రోజుల్లోనే ఉష్ణమండలంలో స్ట్రాటోస్ఫియర్ కొంచెం చల్లబడుతుంది. తిరుపతి దగ్గర గాదంకిలో పై వాతావరణాన్ని చూసే పరిశోధనశాల ఉంది. ధ్రువంలో జరిగే ఈ ఘటనల జాడ ఇక్కడ ఎలా ఉంటుందో అక్కడి వాళ్లు చాలాకాలంగా చూస్తున్నారు.

నల్లపాడు మాష్టారు:
కొంచెం అంటే ఎంత?

గాలిబుడగ:
ధ్రువం మీద పెరిగినదాంట్లో చిన్న వంతే. ధ్రువం దగ్గర వైశాల్యం తక్కువ, ఇక్కడ ఎక్కువ. పంచితే పలచనవుతుంది.

నల్లపాడు మాష్టారు:
ఇది మొదటి రోజే చెప్తే సరిపోయేది కదమ్మా.