అప్‌డేట్: మా గేటు ముందు పాత కరెంటు స్తంభం తీసేశారు

గుంటూరు కొరిటెపాడులో కొత్త స్తంభం వేసి లైను మార్చారు, పాతది మా గేటు పక్కనే వదిలేశారు, ఏం చేయాలని పోయిన నెల అడిగాను కదా. మీరన్నట్టే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి, కంప్లయింట్ నంబరు తీసుకుని కరెంటాఫీసుకి వెళ్లాను. "అందులో కరెంటే లేదండీ, భయమెందుకు?" అన్నారు. నా భయం కరెంటు గురించి కాదు. స్తంభం అడుగున సిమెంటు పెచ్చులూడి, చిటికెన వేలు పెట్టేంత పగులులోంచి తుప్పు పట్టిన ఇనుప తీగలు కనిపిస్తున్నాయి. ఆ ఫొటో చూపించాకే లైన్‌మన్ వచ్చాడు.

అసలు అడ్డం కేబుల్ వైర్లు! టీవీవి, ఇంటర్నెట్‌వి కలిపి ఐదు దానికే వేలాడుతున్నాయి. వాళ్లను బతిమాలి మార్పించేసరికి తొమ్మిది రోజులు. ఆ తర్వాత క్రేన్‌తో అరగంట పని. ఎనిమిది మీటర్ల స్తంభంలో మీటరున్నర భూమిలోనే ఉంటుందట, బయటికి లాగాక చూస్తే నిజమే.

మనుషుల్ని పెట్టి మీరే కోయించేయండి అన్నవాళ్లకు ఓ మాట: ఆ పని చేయకండి, అది మీ ఆస్తి కాదు, పైగా పక్క లైను మీద పడితే ఇంకేమన్నా ఉందా?

గుంత నేనే పూడ్పించాను. స్తంభం ఒరిగిపోకుండా నేలకు లాగి కట్టే స్టే వైరు మాత్రం ఇంకా అక్కడే ఉంది, పక్కింటి పిన్నిగారు దాని మీద తువ్వాళ్లు ఆరేస్తున్నారు.