లువియన్ ‘లతరహహవ’: ఈ క్రియను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: కరతెపె శాసనంలో అజతివద అనే పాలకుడు తన ఘనకార్యాలు చెప్పుకునే చోట ‘లతర-’ అనే క్రియ ‘లతరహహవ’ రూపంలో వస్తుంది. ఇప్పటి తుర్కియే ప్రాంతపు ప్రాచీన భాష లువియన్‌లో ఇది చాలా అరుదు. శాసనం బొమ్మల లిపిలో ఉంది, ఈ మాట ముందు చెయ్యి బొమ్మ చెక్కి ఉంది. కాబట్టి ‘అదన మైదానం మీద చెయ్యి చాచాను’, అంటే ‘ఆక్రమించాను’ అని అర్థం చెప్పుకోవచ్చా?

జవాబు: చెప్పుకోకూడదండీ. ఆ చెయ్యి బొమ్మ నిర్దేశక చిహ్నం. దాన్ని పలకరు. రాబోయే మాట ఏ కోవకు చెందిందో సూచించడమే దాని పని. లిప్యంతరీకరణలో ‘మానుస్’ (చెయ్యి) అని లాటిన్ పేరుతో వేరుగా చూపేది అందుకే. ఆ బొమ్మ ఒక్కటే చూసి అర్థం తేల్చకూడదు.

ముందు మాటను విడదీయండి: లతర + హ + హ + వ. మొదటి ‘హ’ ‘నేను’ అని చెప్పే భూతకాల ప్రత్యయం. రెండో ‘హ’ ‘మరియు’. చివరి ‘వ’ ఇది ఒకరి మాట అని తెలిపేది, మన ‘అని’, ‘అట’ లాంటిది. కాకపోతే మన ‘అట’ వాక్యం చివర చేరుతుంది, లువియన్ ‘వ’ వాక్యంలోని మొదటి మాటకు అతుక్కుంటుంది. రెండు ‘హ’లను చూసి చెక్కినవాడి పొరపాటనో, ధాతువులో భాగమనో అనుకుంటే విశ్లేషణ మొత్తం తప్పుతుంది. తెలుగువాళ్లకు ఇది కొత్తేమీ కాదు: ‘వచ్చాను’లో ‘ను’ ఒకటి, ‘రాముడును లక్ష్మణుడును’లో ‘ను’ మరొకటి.

ఇక అర్థం. ఇక్కడ మన అదృష్టం ఏమిటంటే, 1946లో పురావస్తు పరిశోధకుడు బోసెర్ట్ బృందం దక్షిణ తుర్కియేలో గుర్తించిన ఈ శాసనం ద్విభాషా శాసనం: అదే విషయం లువియన్‌లోనూ, హీబ్రూకు దగ్గరి భాష అయిన ఫినీషియన్‌లోనూ ఉంది. క్రీ.పూ. 8వ శతాబ్దం నాటిది. లువియన్ పాఠం రెండు ద్వారాల దగ్గరా ఉంది, ఫినీషియన్ పాఠం మూడు ప్రతుల్లో ఉంది. ‘లతరహ’ ఉన్న చోట ఫినీషియన్‌లో ‘యర్హ్బ్ అనోక్’ అని ఉంది. ‘ర్-హ్-బ్’ ధాతువుకు వెడల్పు అని అర్థం. హీబ్రూలో వీధిని ‘రెహోవ్’ అనేది కూడా ఆ ధాతువు నుంచే. ఇక్కడ అది ప్రేరణార్థకం: వెడల్పు చేయడం. ఆక్రమణ మాటే లేదు.

మరో సభ్యురాలు: ఒక జాగ్రత్త చేర్చాలి. రెండు పాఠాలూ మాటకు మాట సరిపోవు. ఫినీషియన్‌లో ‘సూర్యోదయం నుంచి అస్తమయం దాకా’ అని ఉంటే, లువియన్‌లో ‘ఇటు పడమర వైపు, ఇటు తూర్పు వైపు’ అని ఉంది. వరుసే తిరగబడింది. వ్యాకరణం కూడా ఒకటి కాదు: ‘యర్హ్బ్’కు పురుష ప్రత్యయం లేదు, అది భావార్థక రూపం (మన ‘చేయడం’ లాంటిది), పక్కనున్న ‘అనోక్’ (నేను) వల్ల కర్త తెలుస్తుంది. లువియన్‌లో కర్త క్రియలోనే ఉంది. అయినా అర్థం నమ్మదగినదే, ఎందుకంటే కర్మ రెండింటిలోనూ అదన మైదానమే, క్రియ రెండింటిలోనూ మొదటే ఉంది. లువియన్‌లో క్రియ సాధారణంగా తెలుగులోలాగే చివర వస్తుంది. ఇక్కడ ముందుకు రావడం చూసి, ఫినీషియన్ పాఠమే ముందు తయారైందని వాదించేవారున్నారు.

ప్రశ్న: అయితే ‘లతర’ అనే ఉచ్చారణ ఖాయమేనా?

జవాబు: కాదు. దీన్ని వేరే మాటతో పోల్చి వ్యుత్పత్తి చెప్పబోయేవాళ్లు తప్పక ఆగాల్సిన చోటు ఇదే. రెండో గుర్తును ‘తర’ అనీ చదవచ్చు, ‘తరి’ అనీ చదవచ్చు. ఈ లిపి ద్విత్వం చూపదు, త-ద తేడా చూపదు, హల్లు ముందు వచ్చే నకారాన్ని రాయదు. అంటే లత్తర-, లదర-, లంతర- ఏదైనా కావచ్చు. తెలుగులో ‘బంతి’, ‘బత్తి’, ‘బతి’ మూడింటినీ ఒకేలా రాస్తే ఎలా ఉంటుందో ఊహించండి.

ఏ ప్రచురణ చూస్తున్నారో కూడా గమనించండి. 1970ల తొలి సగంలో హాకిన్స్, మోర్పుర్గో డేవిస్, నాయ్‌మన్ అనే పండితులు ఈ లిపిలోని కొన్ని గుర్తుల విలువలు మార్చారు. అంతకు ముందు ‘ఇ’ అని చదివిన ఒక గుర్తు ‘జి’ అయింది. ఈ వాక్యంలోనే ‘ఇటు... ఇటు’ అని చెప్పే ‘జిన’ పాత పుస్తకాల్లో ‘ఇన’గా కనిపిస్తుంది.

మరో సభ్యురాలు: తెలుగు మాట విషయానికొస్తే, ‘విస్తరించాను’ అంటే నేనే విస్తరించినట్టు వినిపిస్తుంది. ‘పెంచాను’ అంటే దేన్ని పెంచాడో, పొలాన్నో పంటనో తెలియదు. ‘పొడిగించాను’ అంటే నిడివి గుర్తొస్తుంది, ఫినీషియన్ చెప్పేది వెడల్పు. నా ఓటు ‘విశాలం చేశాను’కే.

జవాబు: సరిగ్గా చెప్పారండీ. పడమర ముందు, తూర్పు తర్వాత అనే లువియన్ వరుసను కూడా మార్చకుండా ఉంచుదాం: ‘అదన మైదానాన్ని ఇటు పడమటికీ ఇటు తూర్పుకూ విశాలం చేశాను.’