హైదరాబాద్‌లో గేటెడ్ అపార్ట్‌మెంట్ అద్దెకు: 28 వేలలో సాధ్యమేనా?

పాలకొల్లు మాస్టారు:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి, అల్లుడు బెంగళూరు నుంచి హైదరాబాద్‌కు మారుతున్నారు. ఇద్దరి ఆఫీసులూ రాయదుర్గం మెట్రో స్టేషన్ దగ్గరే. మూడేళ్ల మనవడు ఉన్నాడు కనుక మా ఆవిడ తోడు వెళ్తుంది. గేటు, కాపలా, పిల్లాడు ఆడుకోవడానికి కాస్త జాగా ఉన్న రెండు పడగ్గదుల ఫ్లాటు కావాలి. అన్నీ కలిపి నెలకు 28 వేలు దాటకూడదు. కొండాపూర్‌లో, గచ్చిబౌలిలో ఈ మాట చెబితే గేటు బయటే నిలబెట్టి మాట్లాడుతున్నారు. దారి చెప్పండి.

భీమవరం–నిజాంపేట:
మాస్టారూ, ముందు ఆ రెండు పేర్లూ పక్కన పెట్టండి. నిజాంపేట, ప్రగతినగర్, బాచుపల్లి వైపు చూడండి. మన జిల్లాల వాళ్లు వీధికి నలుగురు తగులుతారు, మీ ఆవిడ గారికి పొద్దు పోతుంది. ఇంకో వైపు చందానగర్, లింగంపల్లి. అక్కడ ఎంఎంటీఎస్ రైలు ఉంది, మన నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ కూడా లింగంపల్లి దాకా వస్తుంది.

మెట్రో పేరు చెప్పి మియాపూర్‌లో ఇల్లు చూపిస్తారు, జాగ్రత్త. మ్యాపులో రాయదుర్గం పక్కనే ఉన్నట్టు కనిపిస్తుంది. రైలు ఎక్కితే అమీర్‌పేట దాకా వెళ్లి, అక్కడ మారి, మళ్లీ పడమటికి రావాలి. రోడ్డు మీద బస్సో బండో నయం. అల్లుడు గారిని ఒక పనిరోజు ఉదయం తొమ్మిదింటికి ఆ దారిలో వెళ్లి చూడమనండి. ఆదివారం చూసి తీసుకున్న ఇల్లు సోమవారం దూరమవుతుంది.

ఇక గేటెడ్ అన్న మాటకు ఎవరి లెక్క వారిది. ఐదంతస్తుల భవనానికి ఇనుప గేటు పెట్టి, ఒక వాచ్‌మన్‌ను కూర్చోబెట్టినా గేటెడ్ అనే ప్రకటిస్తారు. మరీ పెద్ద వాటిలో ఈత కొలను, క్లబ్‌హౌస్ ఉంటాయి. మీరు నీళ్లలో కాలు పెట్టకపోయినా దాని ఖర్చు మీ వంతుకు వస్తుంది. మీ బడ్జెట్‌కు సరిపోయేవి పదేళ్లు దాటిన, వంద రెండు వందల ఫ్లాట్ల మధ్యరకం సముదాయాలు. గోడలకు రంగు వెలిసి ఉంటుంది, కానీ చెట్లు పెరిగి నీడ ఉంటుంది. పిల్లాడికి కావలసింది అదే.

అద్దె ఒక్కటే చూడకండి. ఉదాహరణకు అద్దె 22 వేలు, ఫ్లాటు 1,150 చదరపు అడుగులు, నిర్వహణ అడుగుకు 3 రూపాయలు అనుకుందాం. అంటే 3,450 కలిసి అక్కడికే 25,450 అయింది. పైగా ఆ 1,150 సూపర్ బిల్టప్ లెక్క. మెట్లు, లిఫ్టు, వరండాల వాటా అందులోనే ఉంటుంది, మీరు కాలు మోపే జాగా అంతకంటే తక్కువ. కరెంటు బిల్లు వేరు. నీళ్లకూ జనరేటర్‌కూ విడిగా తీసుకుంటారేమో అడగండి. కార్పస్ ఫండ్ (సముదాయం పెద్ద ఖర్చుల కోసం దాచే నిధి) అని అడిగితే మాత్రం అది యజమాని కట్టుకునేది, మీది కాదు.

రావులపాలెం కోడలు:
బాబాయి గారూ, నీళ్ల సంగతి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. కాలువ నీళ్లు తాగి పెరిగిన వాళ్లం మనం. ఇక్కడ చాలాచోట్ల వాడుకకు బోరు నీళ్లే. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు హాలు కాదు, స్నానాల గదిలో కుళాయి మూతి చూడమనండి. తెల్లగా సున్నం పేరుకుని, షవర్ రంధ్రాలు సగం మూసుకుపోయి ఉంటే అర్థం అయిపోతుంది. మంజీరా నీళ్ల (నగరానికి సరఫరా చేసే నది నీళ్ల) కనెక్షన్ ఉందా, వేసవిలో ట్యాంకర్ల డబ్బు నిర్వహణలోనే వస్తుందా అనేది యజమానిని కాదు, పక్క ఫ్లాటు ఆవిడను అడగాలి. యజమాని అమెరికాలో ఉంటాడు, ఆయనకు ఏం తెలుసు!

తణుకు తాతయ్య:
ముహూర్తం గురించి కూడా. ఆషాఢంలో మనవాళ్లు ఇల్లు మారరు. ఆ నెలలో ఖాళీ ఫ్లాటు యజమాని కాస్త మెత్తబడతాడు, బేరానికి అదే అదను. జ్యేష్ఠంలోనే మంచిరోజు చూసి పాలు పొంగించేసి, సామాను తర్వాత చేర్చుకునేవాళ్లూ ఉన్నారు. వాస్తు పట్టింపు లేకపోతే దక్షిణ ద్వారం ఫ్లాటు అడగండి. వాటికి పోటీ తక్కువ.

రావులపాలెం కోడలు:
ఇంకో మాట. ఫోటోల్లో ఇంద్రభవనంలా ఉండి అద్దె మరీ తక్కువ ఉన్న ప్రకటనలు నమ్మకండి. సైన్యంలో పనిచేస్తున్నాను, బదిలీ అయింది, ఇల్లు చూడాలంటే గేటు పాసుకు డబ్బు పంపండి, తర్వాత తిరిగి ఇస్తాను అంటారు. క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు వస్తుందంటారు. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే, తీసుకోవడానికి అక్కర్లేదు. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

పాలకొల్లు మాస్టారు:
ఎంతో మేలు చేశారు. బ్రోకర్ లేకుండా ఇల్లు దొరుకుతుందా? అడ్వాన్సు, ఒప్పందం సంగతి ఏమిటి?

భీమవరం–నిజాంపేట:
బ్రోకర్ ఒక నెల అద్దె అడుగుతాడు, సగానికి దిగేవాళ్లూ ఉన్నారు. నచ్చిన సముదాయం దొరికితే అసోసియేషన్ ఆఫీసులో, సెక్యూరిటీ దగ్గర నంబరు ఇచ్చి రండి. ఖాళీ అవుతున్న ఫ్లాటు సంగతి ప్రకటన పడకముందే వాళ్లకు తెలుస్తుంది.

అడ్వాన్సు ఇక్కడ రెండు మూడు నెలల అద్దె, బెంగళూరు లాగా భారం కాదు. ఒప్పందం 11 నెలలకు రాస్తారు. ఏడాది దాటితే 1908 నాటి చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కనుక అలా. ఖాళీ చేసేటప్పుడు రంగులకని అడ్వాన్సులోంచి ఎంత పట్టుకుంటారో, ఏడాదికి ఎంత పెంచుతారో అందులో అంకెల్లో రాయించండి. చేరిన రోజే గోడలు, గీజరు, అల్మారాలు వీడియో తీసి యజమానికి పంపించండి. ఆదాయపు పన్నులో ఇంటి అద్దె మినహాయింపు వాడుకోవాలంటే, ఏడాది అద్దె లక్ష దాటినప్పుడు యజమాని పాన్ నంబరు ఆఫీసులో ఇవ్వాలి. కొందరు ఇవ్వరు. ఈ మాట టోకెన్ (ఇల్లు ఖాయం చేసుకోవడానికి ముందుగా ఇచ్చే డబ్బు) ఇవ్వకముందే తేల్చుకోవాలి.

సామాను లారీ బయలుదేరే ముందు అసోసియేషన్‌ను సమయం అడగండి. కొన్నిచోట్ల చీకటి పడ్డాక, ఆదివారాలు లిఫ్టులో సామాను ఎక్కించనివ్వరు. చేరిక రుసుము అని ఒకటి వసూలు చేసేవాళ్లూ ఉన్నారు, దానికి రసీదు తీసుకోండి.