బాగున్న ఫోన్‌కి అప్‌డేట్ ఎందుకు రాదు?

బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. 2021లో కొన్న ఆండ్రాయిడ్ ఫోన్. బ్యాటరీ మొన్నే ఎస్పీ రోడ్డులో మార్పించాను, చక్కగా పనిచేస్తోంది. కానీ సెక్యూరిటీ ప్యాచ్ (భద్రతా లోపాలు సరిచేసే అప్‌డేట్) దగ్గర ఏడాది కిందటి తేదీయే ఉంది. రోజూ రాత్రి నొక్కి చూస్తాను. చక్రం కాసేపు తిరిగి 'అప్‌డేట్‌లు లేవు' అంటుంది. ఊళ్లో అమ్మకి డబ్బు పంపేది దీంతోనే, అందుకే టెన్షన్.

— గూగుల్ ఎప్పటికప్పుడు ప్యాచ్ ఇచ్చినా, ఫోన్ కంపెనీ దాన్ని ఒక్కో మోడల్‌కి సరిచేసి పరీక్షించాలి అన్నా. పాత మోడళ్ల వంతు చివర్లో వస్తుంది. గూగుల్ తన సొంత ఫోన్ పిక్సెల్ 8కి 7 ఏళ్లు అప్‌డేట్‌లు ఇస్తామందిగా, తలుచుకుంటే అందరూ ఇవ్వగలరు.

— 'గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్' అని గూగుల్ నేరుగా పంపేది విడిగా ఉంటుంది, చూడండి.

— చూశానండీ, ఒకటి దిగింది. ప్యాచ్ తేదీ మాత్రం అలాగే ఉంది.